మచ్చ లేని మనిషి

మొదటి గుక్కకే పెద్దాయన మొహం చేదు మాత్ర నమిలినట్టయింది.

"ఏంటమ్మా ఇది?"

"మచ్చా అండీ. జపాన్ వాళ్ల టీ. లేతాకుని మెత్తగా పొడి కొట్టి, వేడినీళ్లలో నురగొచ్చేదాకా చిలుకుతాం."

"ఇన్నేళ్లూ ఏ మచ్చా లేకుండా బతికాను తల్లీ. ఈ వయసులో నువ్వంటించావు."

కౌంటర్ వెనక చిన్నకోడలు కిసుక్కున నవ్వింది. పెద్దకోడలికి మాత్రం నవ్వు రాలేదు. కొట్టు తెరిచిన రోజు, బోణీ బేరం, ఇలాంటి మాటా?

వాళ్లిద్దరూ తోడికోడళ్లు. పెద్దామె పెద్ద హోటల్లో కేకులు, స్వీట్లు చేసే ఉద్యోగం మానేసి మరీ ఈ కొట్టు పెట్టింది. చిన్నామె తోడు నిలబడింది.

'తోడికోడళ్లు కలిసి వ్యాపారమా? ఏడాది తిరక్కుండా జుట్లు పట్టుకుంటారు' అని చుట్టాలు ముందే జోస్యం చెప్పేశారు. ఆ జోస్యం అబద్ధం చేసి తీరాలని ఇద్దరికీ పంతం.

పెద్దాయన మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

గుమ్మం పక్క కుర్చీ ఆయనది. ఒక్క కప్పు ముందు పెట్టుకుంటే పూట గడిచిపోయేది. గుక్క గుక్కకీ మొహం మాత్రం అదే.

"నచ్చనిది ఎందుకు తాగుతారు బాబాయ్?" అడిగింది చిన్నకోడలు.

"అలవాటు కావద్దూ? మా ఆవిడ మీద ఇష్టం కలగడానికీ కొంత కాలం పట్టింది."

చిన్నకోడలు ఆయనకి 'గడ్డిరసం బాబాయ్' అని పేరు పెట్టింది.

ఆయనతో వచ్చిన చిక్కల్లా నోటితోనే. వీధిలో ఎవరు కనబడినా ఊరుకోడు.

"ఏవయ్యా టైలరూ, తల తిప్పుకు పోతావేం? రా, లోపలికి రా!"

టైలర్ వచ్చేవాడు. మందుల షాపు ఆవిడ వచ్చేది. డ్యూటీ దిగిన బస్సు కండక్టర్ వచ్చేవాడు.

"ఆ కేకు తిను. పచ్చగా ఉందని జడుసుకోకు, లోపల బంగారం."

వాళ్లు తినేవాళ్లు, తాగేవాళ్లు, ఒకరి మొహం చూసి ఒకరు పగలబడి నవ్వుకునేవాళ్లు. కొట్టు కళకళలాడేది.

అదంతా తన చేతి మహిమే అనుకుంది పెద్దకోడలు.

ఒక మధ్యాహ్నం, కిటికీ దగ్గర కూర్చుని చదువుకుంటున్న అమ్మాయి పుస్తకం మూసేసి లేచింది.

"ఇక్కడ కాస్త ప్రశాంతంగా ఉంటుందనుకున్నానండీ," అంటూ కేకు సగంలోనే వదిలి వెళ్లిపోయింది.

పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. నేరుగా పెద్దాయన దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, ఏమీ అనుకోకండి. ఇది నెమ్మదిగా కూర్చునే చోటు. మీరలా రోడ్డు మీద వాళ్లని కేకేసి పిలుస్తుంటే..."

"నిజమేనమ్మా. నోరు ఊరుకోదు, ఏం చెయ్యను."

"కప్పు తాగి లేచేవాళ్లయితే ఫర్వాలేదు గానీ, పొద్దస్తమానం ఇలా అంటే..."

ఆ మాట ఆమె పూర్తి చెయ్యలేదు. చెయ్యాల్సిన అవసరమూ రాలేదు.

పెద్దాయన మిగిలిందంతా ఒక్క గుక్కలో తాగేశాడు. ఖాళీ కప్పు తనే తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు.

"కేకు బాగా చేస్తావమ్మా," అని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

కొట్టు ఆమె కోరుకున్నట్టే నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. చివరికి గోడ గడియారం చప్పుడు కూడా వినబడసాగింది. పొద్దున చేసిన మోచీలు, ఆ జపాన్ బియ్యప్పిండి ఉండలు, సాయంత్రానికి గట్టిపడి అలాగే మిగిలిపోతున్నాయి.

"పాత ఉద్యోగం ఉందేమో కనుక్కోరాదూ?" అన్నాడు భర్త, అన్నం తింటూ, తలెత్తకుండా.

చిన్నకోడలు ఉండబట్టలేక అడిగింది. "అక్కా, బాబాయ్ కనబడటం లేదు. నువ్వేమైనా అన్నావా?"

"నేనేమంటాను? నెమ్మదిగానే చెప్పాను."

'నెమ్మదిగానే' అన్న మాట తన చెవికే అతకలేదు.

వారం గడిచాక, ఎండ దిగుతుండగా తలుపు తెరుచుకుంది. టైలర్, మందుల షాపు ఆవిడ, కండక్టర్, వాళ్ల వెనక ఇంకా ఎవరెవరో. కుర్చీలు చాలక కొందరు గోడకి ఆనుకుని నిలబడ్డారు.

పెద్దకోడలికి ప్రాణం లేచొచ్చింది. గబగబా కప్పులు సర్దింది.

అందరూ మచ్చానే అడిగారు. ఆమె మొదటి కప్పు టైలర్‌కి ఇచ్చి, రెండోది చిలకడం మొదలుపెట్టింది.

"ఏంటండీ, ఇవాళ అందరూ ఒక్కసారే?" నవ్వుతూ అడిగింది.

"పెద్దాయన్ని సాగనంపి వస్తున్నామమ్మా," అన్నాడు టైలర్. "రాత్రి నిద్రలోనే పోయాడు. ఇళ్లకి వెళ్లే ముందు కాసేపు ఇక్కడ కూర్చోవాలనిపించింది."

ఆమె చేతిలో వెదురు కవ్వం ఆగిపోయింది.

"ఆయన... మీకేమవుతారు?"

"చుట్టరికమేమీ లేదు. నీకు తెలీదూ? నువ్వు రాకముందు ఈ గదిలో టీ కొట్టు ఆయనదే."

"పాతవాళ్లు వాళ్లంతట వాళ్లే ఖాళీ చేశారని చెప్పాడే ఓనరు?"

"అలాగే చెబుతాడు," అంది మందుల షాపు ఆవిడ. "కొత్తవాళ్లు దొరికారని రాత్రికి రాత్రి సామాను బయట పెట్టించాడు."

చిన్నకోడలు మొహం అటు తిప్పుకుంది.

టైలర్ కప్పు కింద పెట్టి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"మాలో ఒక్కడికీ ఈ పచ్చనీళ్లు గొంతు దిగవు తల్లీ; 'నా కొట్టు ఎలాగూ పోయింది, ఆ పిల్ల కొట్టు పోకూడదురా' అని రోజూ మమ్మల్ని పిలిచి ఇక్కడ కూర్చోబెట్టింది ఆయనే."