పన్నెండు సెకన్లు

కిరణ్మయి ఆ షాట్‌ని ఆరోసారి వెనక్కి తిప్పింది.

పన్నెండు సెకన్లే. గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పని ముగించుకొచ్చిన ఒకావిడ అన్నం తింటోంది. అంతే. ఎలక్ట్రానిక్ సిటీలోని ఆ యానిమేషన్ స్టూడియోలో పొద్దున్నుంచి అందరి నోటా ఆ షాట్ మాటే. గీసింది హరీశ్.

“పరిగెత్తడం, ఎగరడం ఎవడైనా గీస్తాడు. రెప్ప ఎప్పుడు వాలాలో తెలిసినవాడే మొనగాడు” అని అతనికి మొదట చెప్పింది కిరణ్మయే. పని నేర్పిందీ ఆమే. సిగరెట్టు మాన్పించిందీ, అతని కళ్ళజోడు ఎంచి పెట్టిందీ ఆమే.

అందుకే ఇప్పుడు ఆమె కళ్ళు ఊరుకోవడం లేదు.

తెర మీది మనిషి ఎంగిలి చెయ్యి తగలకుండా మణికట్టుతో జుట్టు వెనక్కి తోసుకుంది. కాలి బొటనవేలిని పక్కవేలి మీదికి ఎక్కించింది. ముద్ద నోటిదాకా తెచ్చి ఆగింది. ఎదుటి కంచం వైపు చూసి, అక్కడివాడు తింటున్నాడని తెలిశాకే నోట్లో పెట్టుకుంది.

ఇవి ఊహకు అందేవి కావు. ఆమె ఎదురుగా కూర్చుని ఎన్నోసార్లు తిన్నవాడికే తెలుస్తాయి. అదీ, ఇష్టంగా చూసినవాడికి.

కిరణ్మయికి ఈ అలవాట్లలో ఒక్కటీ లేదు.

“నిన్ను తప్ప ఇంకో ఆడమనిషిని కన్నెత్తి చూసింది లేదు” అని హరీశ్ మొన్న కూడా చెయ్యి పట్టుకుని చెప్పాడు. ప్రేమించుకున్న ఈ నాలుగేళ్లూ నమ్ముతూనే ఉంది. పనుందంటూ అతను మధ్యలో లేచి వెళ్ళిపోయిన సాయంత్రాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

హరీశ్ కాఫీ పట్టుకుని లోపలికొచ్చాడు. “ఎట్లుండాది? డైరెక్టర్ సార్ ఓకే అన్నాడంట గదా!”

“తలుపు వెయ్యి.”

వేశాడు.

“ఎవరీమె?”

“ఎవరేంది? క్యారెక్టరు.”

“నాకు చెప్పకు హరీశ్. ఆ కాలివేళ్ళు ఏ రెఫరెన్స్ వీడియోలోనూ దొరకవు.”

అతను తెర వైపు తిరిగాడు. అక్కడ ఆమె మళ్ళీ ముద్ద పట్టుకుని ఆగింది. అతని ముఖం మెత్తబడింది. తనని ఎప్పుడూ అలా చూడలేదని కిరణ్మయికి అప్పుడే తెలిసింది.

“ఇన్నాళ్ళూ అబద్ధాలే చెప్పావన్నమాట. ఎవర్ని చూసి గీశావు?”

హరీశ్ కప్పు బల్ల మీద పెట్టాడు. తలెత్తలేదు.

“నా పెండ్లాన్ని” అన్నాడు.