మైకులో ఆయన పేరు

“మీ ఆయన పేరేమిటమ్మా?” అంది సుగుణకుమారి మూడోసారి.

కళావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. మైకు పట్టుకున్న స్టేషన్ ఉద్యోగి స్టీవ్ ఇద్దరి వంకా వింతగా చూశాడు.

మెల్‌బోర్న్‌లో నేల కిందున్న మ్యూజియం స్టేషన్ అది. 1990 జనవరి. కళావతి ఈ దేశం వచ్చి వారమైంది. పెళ్లయిన కొత్తలోనే ఉద్యోగమని ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లి, అక్కణ్ణుంచి ఇక్కడికి మారిన మొగుడు, వాళ్ల నాన్న పట్టుబట్టగా పట్టుబట్టగా ఇన్నాళ్లకు ఆమెను రప్పించుకున్నాడు. నెలలో సగం రోజులు డార్విన్ అనే దూరపు ఊళ్లో డ్యూటీ అని ముందే చెప్పాడు. పోనీలే, మిగతా సగమైనా తనదేగా అని మురిసిపోయింది పిచ్చిది.

“ఇదేం చూశావు! ఫ్రాంక్‌ఫర్ట్‌లో వీటి తాతలున్నాయి” అంటూ హుషారుగా ఎస్కలేటర్ దింపిన మనిషి, ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే పాలిపోయాడు. “ఇక్కడే నిల్చో, ఇప్పుడే వస్తా” అని గిరుక్కున వెనక్కి తిరిగాడు. అంతే. రైళ్లు వచ్చి పోతున్నాయిగానీ ఆయన రాలేదు. చీర కట్టుకుని వలవలా ఏడుస్తున్న పిల్లను చూసి, ఆస్పత్రి డ్యూటీకి పోతున్న నర్సు సుగుణకుమారి ఆగి, స్టేషన్ ఆఫీసుకు తీసుకొచ్చింది.

“గుండెనొప్పేమో ఆంటీ. ఎక్కడ పడిపోయారో!”

“అందుకేగా అడుగుతోంది! పేరు చెబితే మైకులో పిలుస్తాడు.”

“మా ఇళ్లల్లో మొగుడి పేరు పలకరు. ఆయుక్షీణం.”

“సరే, దేవుడి పేరా?”

“శివుడిది. ముందు అమ్మవారు.”

“నేను చర్చికెళ్లేదాన్ని తల్లీ, నాకేం తెలుస్తుంది! అవతల మనిషి ప్రాణం మీదికొస్తే నువ్వు పొడుపుకథలు వేస్తున్నావు.”

ఆ మాటకు కళావతి కళ్లు గట్టిగా మూసుకుని, చెంపలు వేసుకుని, పెళ్లయ్యాక మొదటిసారి పలికింది.

“ఉమామహేశ్వరరావు.”

స్టీవ్ నానా తిప్పలూ పడి ఆ పేరు మైకులో చదివాడు. మీ భార్య ఎదురుచూస్తోంది, వెంటనే ఆఫీసుకు రండి అన్నాడు. స్టేషనంతా మార్మోగింది.

కాసేపటికి ఎవరో తలుపు తోసుకుని వస్తే కళావతి ఆశగా లేచింది. ఆయన కాదు. ఒక తెల్లావిడ, చంకలో చామనచాయ పిల్ల. పరుగెత్తి వచ్చిందేమో, రొప్పుతూనే స్టీవ్‌ను ఇంగ్లీషులో నిలదీసింది. కళావతికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. సుగుణకుమారి మాత్రం చప్పున కళావతి చెయ్యి పట్టుకుంది.

“ఏమంటోంది ఆంటీ? ఆయన కనబడ్డారటా?”

“‘ఆయన భార్యను నేను, మరి పిలిచిందెవరు?’ అంటోందమ్మా.”