కప్పల కావడి

గోనె మూటలోంచి పసుపు రంగు కాలొకటి వేలాడుతూ కదిలింది.

అది చూసి దర్శన రెండడుగులు వెనక్కి వేసింది.

గేటు ముందు ఒక ముసలాయన కావడితో నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ దాకా బురద, ఒంటి నిండా మురుగు మోరీ వాసన. కావడిబద్దకు రెండు వైపులా తడి గోనె మూటలు. వాటి నిండా కప్పలు.

"కప్పతల్లి వచ్చినట్టుందే," అంటూ దర్శన నాయనమ్మ మల్లవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చింది.

మల్లవ్వ వాళ్ళది పాలమూరు వైపు. అక్కడ వానలు వెనకబడితే కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పుతారు. ఆడవాళ్ళు దాని మీద నీళ్ళు పోసి బియ్యం పెడతారు. ముంబయి వచ్చి మూడు తరాలైనా ఆమె ఆ ముచ్చట మరవలేదు. నిన్న సాయంత్రం ఒక్క వాన కురిసి ఆగిపోయింది కనక, ఇంకో నాలుగు కావాలని ఆమె ఆశ.

మూటల మీద నీళ్ళు పోసింది. ముసలాయన ఇంకో చెంబు అడిగి పోయించుకున్నాడు. పక్కింటి మంగళ బకెట్ తెచ్చింది. బియ్యం మాత్రం వద్దన్నాడు, నీళ్ళే చాలన్నాడు.

అడుక్కునేవాడి కంటికి బియ్యం ఆనడం లేదా అని దర్శనకు ఒళ్ళు మండింది.

వర్లిలో మూతపడిన మిల్లు ఆవరణలో, ఇళ్ళు పోయినవాళ్ళు తాత్కాలికంగా ఉండేందుకు ఎప్పుడో కట్టి ఖాళీగా వదిలేసిన ట్రాన్సిట్ బిల్డింగ్ వాళ్ళది. వరస గదుల పాత చాల్ కూల్చాక అక్కడి తెలుగువాళ్ళను కిందటి దసరాకు అందులో సర్దారు. ఏటా తొలి వానకు బోదురు కప్పలు, మగవి పసుపు రంగు తిరిగి, మిల్లు పొదల్లోంచి బయల్దేరతాయి. రోడ్డు దాటి, అవతల పునాది తవ్వి వదిలేసిన గుంతలో గుడ్లు పెడతాయి. ఏడాదికి ఈ ఒక్కసారే. దాటలేకపోతే ఆ ఏటికి వాటికి పిల్లల్లేనట్టే.

కప్పలు ఈ రోజే దాటతాయని తెల్లారే రుతుజ మేడం కబురు పంపింది. పదిమందికి మించి పిలవొద్దంది. మేడం నడిపే ప్రకృతి పరిశీలకుల బృందంలో దర్శన చేరింది ఈ మధ్యే. నియమాలు కంఠతా పట్టింది. ముట్టుకోవద్దు. ఫ్లాష్ వేయొద్దు. దారికి అడ్డం నిలబడొద్దు. మురిపెం ఆగక, కబురు మాత్రం నాలుగు ఫోన్ గ్రూపుల్లో పెట్టేసింది.

ఇప్పుడీ మనిషి ఆ కప్పల్నే మూట కట్టాడు.

"కప్పల్ని ముట్టొద్దని తెల్వదా తాతా? కట్టేసి ఊరేగిస్తవా?"

"కట్టలే బిడ్డా. అవతలికి తీస్కపోతున్న. బండ్లొస్తయ్ గదా."

హోటళ్ళకు అమ్ముకుంటాడేమోనంది మంగళ. ఆ ఒక్క మాట చాలింది.

దర్శన మూటలు లాక్కుంది. మిల్లు పొదల దగ్గరికి మోసుకెళ్ళి, ఒక్కొక్కటిగా చేత్తో తీసి వదిలింది. పాతిక దాకా ఉన్నాయి. వేళ్ళకు అంటిన జిగురును గోనెకు తుడుచుకుంది. ముట్టుకోవద్దన్న నియమం తనకు వర్తిస్తుందని తోచలేదు.

"అటు గాదు బిడ్డా," అన్నాడు ముసలాయన. "అవి మల్ల ఇటే వస్తయ్."

కొత్త వాచ్‌మన్ గంగారాం కావడిబద్ద గుంజుకుని, పోలీసులను పిలుస్తానని బెదిరించి ఆయన్ను రోడ్డు మీదికి నెట్టాడు. ముసలాయన కాసేపు అక్కడే నిలబడి, తర్వాత బస్టాపు వైపు వెళ్ళిపోయాడు.

పదింటికి జనం దిగారు. పదిమంది కాదు, వందమంది. దర్శన నియమాల కాగితాలు పంచింది. ఒక్కరు చదివితే ఒట్టు. అందరినీ గోడ వెనక నిలబెట్టబోతే కప్పల తక్కెడే అయింది. ఒకరిని అటు జరిపితే ముగ్గురు ఇటు వచ్చి ఫోన్లు పైకెత్తారు.

అంతలో కప్పలు రోడ్డెక్కాయి. దర్శన వదిలినవీ, వాటి వెనక ఇంకా చాలా.

జనం దారికి అడ్డం పడ్డారు. కప్పలు బెదిరి నడిరోడ్డు మీదే ఆగిపోయాయి. వస్తున్న కార్లు మాత్రం ఆగలేదు. దర్శన చేతులు అడ్డం పెట్టి అరిచింది. టైర్ల కింద వరసగా చప్పుళ్ళు. చెదిరిన పసుపు తోళ్ళు, తెల్లటి పేగులు. వాటిని కూడా వీడియో తీసినవాళ్ళున్నారు. ఒకాయన ఛీ అంటూ చెప్పుకు అంటింది తుడుచుకున్నాడు, నియమాల కాగితంతోనే.

రుతుజ మేడం ట్యాక్సీ దిగి రోడ్డు చూసింది. లస్మయ్య రాలేదా అని మరాఠీలో అడిగింది.

లస్మయ్య ఎవరని దర్శన అడిగింది.

కామాటిపురాలో కూలివాళ్ళ గదిలో ఉంటాడట. ఏటా తొలి వానకు పని మానుకుని వచ్చి, బండ్లు పెరగకముందే కప్పల్ని తడి గోనెల్లో మోసి గుంతలో వదులుతాడట. కప్పలు ఏ రోజు దాటతాయో మేడంకు ఫోన్ చేసి చెప్పేదీ ఆయనేనట.

దర్శనకు తన మీద తనకే రోత పుట్టింది. జరిగిందంతా చెప్పింది. మేడం ఆయన నంబరు కలిపి ఫోన్ ఆమె చేతికిచ్చింది.

"తాతా, పొద్దుగాల గేటు కాడ లొల్లి చేసిన పిల్లను. నా వల్లనే... అన్నీ సచ్చిపోయినయ్."

అవతల బస్సు చప్పుడు మధ్య ఆయన గొంతు పెంచాడు.

"ఏడ్వకు బిడ్డా, పాపం నీ ఒక్కదానిదే గాదు," అన్నాడు లస్మయ్య. "మొదాలైతే వాటికి రోడ్డు దాటే పనే లేకుండె, మిల్లు లోపల్నే చెర్వుండె. మీ బిల్డింగ్ కట్టేటందుకు ఆ చెర్వుల మట్టి పోసి పూడ్చిన కూలోన్ని నేనే."