ఆమేన్‌కి ముందు

"నువ్వు ప్రార్థన మొదలుపెట్టు జ్ఞానం. నేను అవతల్నించి ఈ అడ్డగోడకి చివరి డ్రైవాల్ షీటు బిగించేస్తా," అన్నాడు విజయరత్నం.

కెనడాలో, బ్రాంప్టన్‌లోని వాళ్ళ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకివ్వబోయే కొత్త గది అది. గదిని దీవించమని అడగడానికి లోపల నిలబడ్డ జ్ఞానవతి కళ్ళు మూసుకుంది.

డ్రిల్లు ఆగాక తెరిచింది. తెరిచినా చీకటే. ఇందాకటిదాకా అడ్డగోడ కోసం నిలబెట్టిన స్టీల్ స్టడ్ల సందుల్లోంచి పడిన కిటికీ వెలుగు లేదు. తడిమితే చల్లటి ఇనుమే తగిలింది.

"ఏవండీ, కిటికీ ఏది?"

"గోడకి ఇటుపక్క, హాల్లోకొచ్చేసింది. నీ వెనక మెట్లవైపు తలుపుందిగా."

"ఆ మెట్ల దగ్గరే నిప్పంటుకుని పొగొస్తే, రేపు ఇందులో అద్దెకి దిగబోయే ఆ స్టూడెంటమ్మాయి ఎటు పోతుంది?"

"దేవుడున్నాడు. ఆమేన్ అను."

ఆమె అరచేత్తో ఆ షీటు మీద కొట్టింది.

"మూసింది మనం. ఆయన మీదికి నెట్టకండి. ముందు ఆ షీటు విప్పండి."

ఆమె ఆమేన్ అనలేదు.