బుచ్చిరాములు ముడి

ముసలాయన చిన్న కత్తెర తీసి నాలుగో మొక్క దారం గూడ కోసిండు.

అప్పుడు చూసిండు బుచ్చిరాములు.

"ఏంది కాకా, నా ముడి నీకేం పాపం చేసింది?"

బతుకపోయిన ఉధ్నాల, బట్ట నేసే సాంచల కార్ఖాన ఎనుక ఉన్న చిన్న బగీచా అది. ఐతారం వచ్చిందంటే పదిమంది తెలుగోళ్లు జమైతరు. గడ్డి పీకుతరు, చెత్త ఎత్తుతరు, బకెట్లతోని నీళ్లు పోస్తరు. జీతం లేదు, బత్తెం లేదు.

అందరికీ పెద్ద బుచ్చిరాములు. ముప్పై ఏండ్ల సంది సాంచ నడిపేటోడు. పక్కోని టిఫిన్ల పచ్చిమిరపకాయ దాచిపెట్టంది ఆయనకు బువ్వ దిగది.

వానలకు ముందు మున్సిపల్ ఆఫీసోళ్లు వచ్చి చెప్పిపోయిన్రు. వచ్చే ఎండకాలం దాంక మొక్కలు నిలబడితే బగీచా ఉంటది, లేకుంటే జాగ బండ్లు పెట్టుకునేటందుకు ఇస్తరు.

బుచ్చిరాములు పెండ్లాం సమ్మక్కకు దమ్ము రోగం. వాళ్లుండేది కిటికీ లేని అర్ర. ఆమెకు నిమ్మళంగ ఊపిరాడేది ఆ బగీచాల సిమెంటు బల్ల మీదనే.

ఆ మరుసటి ఐతారమే గేటు ముంగట నలభై యాపమొక్కలు కనబడ్డయి. కడిగిన పాల కవర్లల్ల, వరుసగ. ఎవరు పెట్టిన్రో తెల్వదు.

ఎలక్షన్లు వస్తున్నయేమో అన్నడు దోస్తు రఘుపతి.

కాదుర, పాలోడు లెక్క తప్పిండు, రేపు పెరుగడిగితే మామిడిచెట్టు ఏసిపోతడు అన్నడు బుచ్చిరాములు.

నవ్వుకుంటనే నాటిన్రు. మొక్కకో కట్టె పాతిన్రు. కట్టెకు మొక్కను కట్టే పని మాత్రం బుచ్చిరాములు ఎవ్వరికియ్యలే. కార్ఖానల పారేసిన పాలిస్టర్ దారం తెచ్చి, పది సుట్లు సుట్టి, తెగిన పోగును అతికే ముడి ఏసిండు.

"మోటరు పెట్టి గుంజినా ఊడది," అన్నడు మీసం దువ్వుకుంట.

ఆ ముడినే ఇప్పుడు ఈ ముసలాయన కోస్తున్నడు. తెల్ల పైజామ, చేతుల గుడ్డసంచి. ఏ ఊరోడో తెల్వదు, తెలుగు రాదు.

"ఢీలా కరో, భాయ్," అన్నడు మెల్లగ. "బచ్చా బడా హో రహా హై."

వదులు చెయ్యమంటున్నడు, పిల్ల పెరుగుతున్నదట.

బుచ్చిరాములుకు రోషమొచ్చింది. ముప్పై ఏండ్లల్ల ఆయన ముడికి వంక పెట్టినోడు లేడు, సేటు గూడ పెట్టలే. ముసలాయన పోంగనే ఆ నాలుగింటికి ఇరవై సుట్లు సుట్టి మల్ల కట్టిండు.

పై ఐతారం ముసలాయన మల్లొచ్చిండు. మొక్కమొక్కకు వంగి, ఆకు నిమిరి, అలిసిపోయి బల్ల మీద కూసున్నడు. సంచి ఒళ్లె పెట్టుకొని కునుకు తీసిండు.

బుచ్చిరాములు రఘుపతికి కన్నుగొట్టిండు. పిల్లి లెక్క పోయి, ముసలాయన అంగీ కొసను, సంచి పట్టీని బల్ల కాలుకు కట్టిండు. అదే దారం, అదే ముడి.

ముసలాయన లేవబోయి కూలబడ్డడు. మల్ల లేచిండు, మల్ల కూలబడ్డడు. అందరు కడుపులు పట్టుకొని నవ్విన్రు. సమ్మక్క ఒక్కతే నవ్వలే.

"ఢీలా కరూఁ, కాకా?" వదులు చెయ్యాల్నా అని ఎక్కిరించిండు బుచ్చిరాములు.

ముసలాయన జేబుల కత్తెర తీసిండు. తన అంగీ కొసనే కోసుకున్నడు. సంచి దిక్కు ఒకసారి చూసి, దాన్ని ఆడనే ఇడిచిపెట్టి గేటు దాటిండు.

మల్ల రాలే.

సమ్మక్క పట్టీ కోసి ఆ సంచి ఇంటికి తెచ్చింది. ఎప్పుడన్న వస్తే ఇద్దామని గోడ మొలకు తగిలేసింది.

వానలకు మొక్కలు నడుమెత్తు లేసినయి. బుచ్చిరాములు మనిషి మనిషినీ పట్టుకొచ్చి చూపెట్టిండు.

దీపావళికి ఆకులు పసుపుబడ్డయి. నీళ్లు సాల్తలెవ్వని ఇంకో బకెట్ పోసిండు. పేడ ఏసిండు.

హోలీనాడు గాలి లేసింది. ఒక మొక్క పుటుక్కున ఇరిగింది.

ఇరిగినకాడ వంగి చూసిండు బుచ్చిరాములు. దారం పైకి కానస్తలేదు. కాండం లావైన కొద్దీ దారం బెరడును కోసుకుంట లోపటికి పోయింది. ముడికి కింద పచ్చి, మీద ఎండు.

రెండోది చూసిండు. మూడోది చూసిండు. కూలబడి, గోర్లతోని ముడి ఇప్పబోయిండు.

ముడి ఊడలే.

ఎండలు ముదిరేసరికి మూడు మిగిలినయి. వాటిని మేకలు తిన్నయి. ఆఫీసోళ్లు వచ్చి ఏ బండి ఏడ పెట్టాల్నో సున్నం గీతలు గీసిన్రు. సమ్మక్క కూసునే బల్లను పెకిలించి గోడకు ఆనిచ్చిన్రు.

ఆనాడు బుచ్చిరాములు మొలకున్న సంచి తీసి ఇప్పిండు.

పాత నూలు ధోతి చింపిన పీలికలు. మెత్తటియి, మూరెడు మూరెడు. లెక్కబెడితే నలభై.

"పోయి ఇచ్చి రా," అన్నది సమ్మక్క దగ్గుకుంట. "తప్పైందని చెప్పు."

సంచి మీద ఆల్థాన్ బస్తీల ఉన్న ఒక కిరాణ దుకాణం పేరున్నది. దుకాణపాయన సంచి చూసి గుర్తుపట్టి, ఎదురుంగ ఉన్న బిల్డింగుల నాలుగో అంతస్తు చూపెట్టిండు.

తలుపు తీసింది కోడలు. ఆమె ఎనుక గోడకు ముసలాయన ఫోటో, ఫోటోకు దండ. చలికాలంల పోయిండట.

బుచ్చిరాములు ఫోటో మీదికెళ్లి చూపు తిప్పుకున్నడు. పక్కకు బాల్కనీ కనబడ్డది. తీగకు కడిగి ఆరేసిన పాల కవర్లు, వరుసగ.

ఆమె సంచి అందుకొని, ఆయన మొఖం దిక్కు ఆశగ చూసింది.

"మీరు ఉధ్నా బగీచాకెళ్లి వచ్చిన్రా, భాయ్?" అన్నది హిందీల. "మా ఇంట్ల మొక్క నాటే జాగ లేదని మామయ్య ఏడాది ఈ బాల్కనీల పెంచి మీ గేటుకాడ పెట్టొచ్చిన ఆ నలభై పిల్లలు, పెద్దగైనయా?"