మూడు ప్రశ్నల మీటింగు

ఎవరూ వినని చోట చెప్పే అబద్ధం కూడా అబద్ధమేనా? గుట్ట ఎక్కుతూ దివాకర్ తనను తానే అడిగాడు.

కంపెనీ అతని జట్టును తీసేసి మూడు నెలలైంది. రోజూ రాత్రి ఎనిమిదింటికి జరిగే మీటింగును మాత్రం క్యాలెండర్లోంచి ఎవరూ తొలగించలేదు. ఉద్యోగం పోయిన సంగతి భార్య ఇంద్రాణికి చెప్పలేక, ఇంట్లో సిగ్నల్ అందదు కనుక, అతను ఎప్పటిలాగే గుట్టెక్కి, ఖాళీ మీటింగులో చేరి, మూడు ప్రశ్నలకూ ఒంటరిగా జవాబు చెప్పి దిగేవాడు. నిన్న ఏం చేశావు? ఈ రోజు ఏం చేస్తావు? అడ్డమేమైనా ఉందా?

ఈ రాత్రి తెరమీద ఇద్దరున్నారు. రెండు పేర్లూ దివాకరే.

"నిన్న గుట్టెక్కినా," అంది ఫోనులోంచి అతని గొంతే. "ఈ పొద్దు ఎక్కలే. ఇంట్లోనే ఉండా. అడ్డమేమీ లేదు."

సిగ్నలే అందని ఆ ఇంట్లోంచి, ఆ మాటల వెనక పళ్లెం పెట్టిన చప్పుడైంది. తర్వాత ఇంద్రాణి గొంతు వినబడింది.

"ఎవురితో మాట్లాడతాండావప్పా? సంకటి చల్లారిపోతాండాది."

"ఉద్యోగం పోయిందే ఇంద్రాణీ. మూన్నెల్లాయ," అంది ఫోనులోని అతని గొంతు.

గుట్ట మీద దివాకర్ ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"ఆ పొద్దే తెలుసు నాకు. నీ నోటితో ఎప్పుడు చెప్తావా అని చూస్తాంటి," అని ఆమె నవ్వింది. ఆ నవ్వు విని అతనికి మూడు నెలలైంది. "తిను."

కింద తన ఇంటి దీపం వెలుగుతూనే ఉంది. దివాకర్ చాలాసేపు దానివైపు చూశాడు. తాను చెప్పలేకపోయిన ఆ ఒక్క మాట చెప్పినవాడే ఆ పళ్లెం ముందు కూర్చోవాలి, అనుకున్నాడు. మీటింగు నుంచి బయటికొచ్చి, ఫోను ఆపి, గుట్టకు రెండో వైపు దిగసాగాడు.