పది సుద్ద గీతలు

తిరిగొచ్చిన కళ్లద్దాల డబ్బాను యజమాని మేనేజర్ బల్ల మీద కుమ్మరించాడు.

“చూడవయ్యా, అద్దం అద్దానికీ నలుసు! ఇక లాభం లేదు. శుభ్రం చేసే కంపెనీ ఒకటి చూసి కాంట్రాక్టు ఇచ్చెయ్. పిన్నిని పంపించెయ్.”

మేనేజర్ లేచి నిలబడ్డాడు. ఆ కళ్లద్దాల వర్క్‌షాపు మొత్తాన్నీ ఊడ్చేదీ తుడిచేదీ అందరూ పిన్ని అని పిలిచే ఆ పనిమనిషి ఒక్కతే. ఈ జీతం ఆగిపోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు.

“మెషిన్లు మొదలయ్యేలోపు ఒక్క గంటలో ఇంత చోటు ఏ మనిషి తుడవగలదు సార్?”

“ఆ కథలు నాకొద్దు.”

“పోనీ ఒక పని చేద్దాం. మూడు కంపెనీల్ని పిలిచి తలో రోజు చేయించి చూద్దాం. ముందురోజు సాయంత్రం నేను పది చోట్ల సుద్దతో గీతలు గీస్తాను. పదీ తుడిచినవాళ్లకే కాంట్రాక్టు. అందరూ ఒక్క గీతైనా వదిలేస్తే పిన్నే ఉంటుంది.”

యజమాని తలూపాడు. “సరే. కానీ గీతల సంగతి మూడో మనిషికి తెలియకూడదు.”

పదీ తుడిచే మొనగాడు పుట్టలేదని మేనేజర్ ధీమా. ఫ్యాను రెక్కల పైన, తలుపు చట్రం మీద, పాలిష్ మెషిన్ వెనక, ఇలా ఏరి ఏరి గీతలు గీశాడు. పిన్నిని పిలిచి, “ఈ మూడు రోజులూ తాళం తీసి ఊరికే కూర్చో. చీపురు ముట్టుకోకు. మిగతాది నేను చూసుకుంటాను” అన్నాడు.

మొదటి కంపెనీవాళ్లు యూనిఫారాలతో, చెవులు చిల్లులుపడేలా మోగే యంత్రాలతో దిగారు. సాయంత్రానికి హాలంతా ఘుమఘుమలాడింది గానీ ఏడు గీతలు అలాగే ఉన్నాయి.

రెండో కంపెనీ నాలుగు వదిలేసింది. అయితే వాళ్ల సూపర్‌వైజర్ కిటికీ పైఅంచు మీద వేలు రాసి, నల్లబడిన ఆ వేలిని అందరికీ చూపించాడు. “ఇన్నాళ్లూ ఇక్కడ ఊడ్చింది ఎవరండీ? కళ్లు లేనివాళ్లా?”

అతని పనివాళ్లు పగలబడి నవ్వారు. మూల కూర్చున్న పిన్ని తలెత్తలేదు. మేనేజర్‌కు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. అయినా నాలుగు గీతలు మిగిలాయి కదా అని సర్దిచెప్పుకున్నాడు. తుడిచిన గీతల్ని వాళ్లు వెళ్లగానే మళ్లీ గీసి ఇంటికెళ్లాడు.

మూడో రోజు ఇద్దరే వచ్చారు, అదీ ఆలస్యంగా. చేతిలో ఒక బక్కెట్టు, రెండు గుడ్డలు. వాళ్ల వాలకం చూసి మేనేజర్‌కు నవ్వాగలేదు. కబుర్లు చెప్పుకుంటూ నేల తుడిచి, మధ్యాహ్నానికల్లా సంతకం పెట్టించుకుని పోయారు.

సాయంత్రం మేనేజర్ హుషారుగా నిచ్చెన ఎక్కాడు. ఫ్యాను మీద గీత లేదు. తలుపు చట్రం మీద లేదు. గబగబా దిగి మెషిన్ వెనక టార్చి వేశాడు. అక్కడా లేదు. పదో చోట కూడా లేదు.

“మాటంటే మాటే కదా?” అంటూ యజమాని అప్పటికప్పుడు ఏడాది కాంట్రాక్టు మీద సంతకం చేసి పంపించేశాడు.

పిన్ని మెట్టు మీద కూర్చుని ఉంది. మేనేజర్ పక్కనే కూలబడ్డాడు.

“పిన్నీ, రేపట్నుంచి వాళ్లే వస్తారు. నిన్ను నిలబెట్టుకుందామనే ఇదంతా చేశాను. కుదర్లేదు. నన్ను క్షమించు.”

ఆమె అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

“వాళ్లు అంత బాగా చేశారా బాబూ?”

“ఎవరికీ కనబడని చోట్ల పది సుద్ద గీతలు గీశాను పిన్నీ. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు.”

పిన్ని ముఖం పాలిపోయింది.

“ఆ గీతలు నువ్వు గీసినవా బాబూ? నిన్న అతను నలుగురిలో అంత మాటన్నాక మళ్లీ పరాయివాళ్ల ముందు నవ్వులపాలు కాకూడదని, ఇవాళ చీకటితోనే వచ్చి, వాళ్లు రాకముందే నిచ్చెన వేసుకుని మూలమూలా నేనే తుడిచేశాను!”